‘ఫ్రెండ్స్’ చూడనివ్వవచ్చా?

కాలేజీకి వెళ్తున్న పిల్లలు ‘ఫ్రెండ్స్’ అనే ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నారని, చూడనివ్వవచ్చా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. పౌలు థెస్సలొనీకయులకు నేర్పింది పరీక్షించడమే గాని కళ్లు మూసుకోవడం కాదు. అందుకే మొదటి సీజన్‌లోని 24 ఎపిసోడ్లు, తర్వాతి సీజన్లలో కొన్ని చూశాము.

ఇది నిన్న మొన్నటి కార్యక్రమం కాదు. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో 1994 సెప్టెంబరు 22న మొదలై, 2004 మే 6న ముగిసింది. మొత్తం 10 సీజన్లు, 236 ఎపిసోడ్లు. చివరి ఎపిసోడ్‌ను ఆ దేశంలో 5 కోట్ల మందికి పైగా చూశారు. అది ముగిసేనాటికి పుట్టని పిల్లలు ఇప్పుడు హాస్టల్ గదుల్లో, ఫోన్లలో చూస్తున్నారు. ఇంగ్లీషు మెరుగుపడుతుందని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. మరి చివరిదాకా వదలకుండా చూసేలా చేస్తున్నదేమిటి?

మొదటి ఎపిసోడ్‌లోనే జవాబు ఉంది. మనసు ఒప్పని పెళ్లి నుండి రేచెల్ అనే యువతి పెళ్లి గౌనుతోనే పారిపోయి, న్యూయార్క్‌లోని ఒక కాఫీ షాపులోకి వస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు మోనికా ఆమెకు తన ఇంట్లో చోటిస్తుంది. ఆ ఇంటి తలుపు ఆరుగురు మిత్రులకూ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఊరు విడిచి, అమ్మానాన్నలకు దూరంగా బ్రతుకుతున్న యౌవనస్థులను పట్టి ఉంచేది డేటింగ్ కథల కన్నా ఆ తెరిచిన తలుపే అని మాకు తోచింది.

అయితే డేటింగ్ విషయంలో ఈ సీరియల్ నేర్పే పాఠాన్ని మేము ఒప్పుకోలేము. మనుషులు వస్తారు, పోతారు. శరీర సంబంధం కాఫీ తాగినంత తేలిక. మూడో సీజన్‌లో రేచెల్‌తో గొడవపడి విడిపోయిన రాత్రే రాస్ మరో స్త్రీతో గడుపుతాడు. మరునాడు ఇద్దరూ ఏడుస్తూ తెగతెంపులు చేసుకుంటుంటే, మిగతా నలుగురు పక్క గదిలో చిక్కుకుపోయి అంతా వింటారు. ఇద్దరి తప్పటడుగు చుట్టూ ఉన్నవారిని ఎలా గాయపరుస్తుందో ఆ సన్నివేశం నిజాయితీగా చూపింది. కానీ అప్పటికి విడిపోయాము గనుక తప్పు లేదన్న రాస్ వాదన తర్వాతి సీజన్లలో నవ్వుల సరుకైపోయింది. ఇది నవ్వవలసిన సంగతేనా అని ఆలోచించే లోపే స్టూడియోలోని ప్రేక్షకులతో పాటు మనమూ నవ్వేస్తాము. జాగ్రత్తపడవలసింది అక్కడే.

మేలైనదీ ఉంది. మోనికా, చాండ్లర్ పెళ్లి చేసుకుంటారు. పిల్లలు పుట్టరని తెలిసినప్పుడు ఒకరినొకరు నిందించుకోరు. చివరికి కవలలను దత్తత తీసుకుంటారు. సంతానం లేని దంపతులను ఆదివారం ఆరాధన తర్వాత మాటలతో పొడిచేవారు ఆ భాగం చూడడం మంచిది.

చాండ్లర్‌గా లోకాన్ని నవ్వించిన మాథ్యూ పెర్రీ, ఆ సంవత్సరాల్లోనే మద్యంతో, మాత్రల వ్యసనంతో పోరాడానని 2022లో తన పుస్తకంలో చెప్పుకున్నాడు. 2023 అక్టోబరు 28న, 54 ఏళ్ల వయసులో మరణించాడు. అందరినీ నవ్వించేవాడి లోపల ఏముందో ఎవరికి తెలుసు? మన యౌవనస్థుల కూడికలో జోకులు వేసే కుర్రవాణ్ణి ఎవరైనా ఎప్పుడైనా విడిగా పలకరించారా?

తల్లిదండ్రులకు మా సలహా ఇది. చిన్న పిల్లలకు ఈ సీరియల్ తగదు. కాలేజీ వయసు పిల్లల దగ్గర ఫోన్ లాక్కోవడం కన్నా, వాళ్ల పక్కన కూర్చుని రెండు ఎపిసోడ్లు చూడండి. రాస్ చేసింది సరైనదేనా అని అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా వినండి.

సంఘ పెద్దలకు ఒక ప్రశ్న. రేచెల్‌లా మనసు ఒప్పని పెళ్లి కుదిరిన అమ్మాయి మన సంఘంలో ఉంటే, భయపడకుండా ఎవరి తలుపు తట్టగలదు? రాబోయే కమిటీలో ముందుగా ఆ ఇంటి పేరు వ్రాసుకోండి. పేరేదీ తట్టకపోతే, అది మీ ఇల్లే కావాలి.