హైస్పీడ్ రైలు మన ఊళ్లో ఆగకపోవచ్చు, మన పొలం మీదుగా పోవచ్చు

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లలో మూడు హైదరాబాద్‌తో ముడిపడినవే: పుణె, బెంగళూరు, చెన్నై. వీటిలో బెంగళూరు, చెన్నై లైన్లు ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాలను తప్పించుకుని పోవడం కష్టం. ఎన్ని గంటల్లో చేరతామన్నది ప్రయాణికుడి లెక్క. ఇక్కడి రైతు అడగాల్సింది వేరే: లైన్ ఎవరి పొలం మీదుగా?

మామూలు లైన్ గుట్ట అడ్డొస్తే చుట్టు తిరిగి పోతుంది. గంటకు 300 కి.మీ. దాటి పరిగెత్తే రైలుకు అలాంటి మలుపులు పనికిరావు. గుట్టను తొలవాలి, లేదా ముందే పక్కకు జరిగి పొలాల మీదుగా పోవాలి. సొరంగం అంటే ఏమిటో మనకు తెలుసు. నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి నల్లమల కింద తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలింది. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ బతకలేదు. నల్లమల రాయి వేరు, మన గ్రానైట్ గుట్టలు వేరు. అయినా ఖర్చు చూస్తే పొలాల దారే సులువు.

ముంబై–అహ్మదాబాద్ లైన్ 508 కి.మీ.లో సుమారు 460 కి.మీ. పిల్లర్ల మీదే పోతుంది. దానివల్ల పోయే భూమి తగ్గింది. అయినా 2017లో శంకుస్థాపన జరిగిన ఆ పని మహారాష్ట్రలో భూసేకరణ దగ్గరే ఏళ్ల తరబడి ఆగింది.

రైల్వే చట్టం కింద భూమి తీసుకుంటే 2013 చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి. కానీ అదే చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి కాదు. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనలో చాలా ఇళ్లలో పట్టా ఇంకా దాదా పేరు మీదే ఉంటుంది. అన్నదమ్ములు నోటి మాట మీద పంచుకుంటారు, అక్కచెల్లెళ్ల వాటా ఏ కాగితంలోనూ ఉండదు. వాటాల గొడవ వస్తే పరిహారం సంగతి కోర్టుకెక్కుతుంది. 30 రోజుల్లో విరాసత్ తేలదు.

రూటు ఖరారయ్యేదాకా ఆగకండి. భూభారతిలో మీ సర్వే నంబరు, పేరు, విస్తీర్ణం ఇప్పుడే చూసుకోండి. మసీదు, ఖబరస్తాన్ భూములుంటే కమిటీలు వక్ఫ్ రికార్డులు సరిచూసుకోవాలి. లైన్ రాకపోయినా సరైన కాగితం వృథా పోదు.