ఇంటి నుంచి పని సరే... ప్రమోషనో?

శాలిబండలో ఇరానీ చాయ్ తాగుతుంటే మా గల్లీ కుర్రాడు కనిపించాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాక ఆఫీసు మెట్లెక్కింది తక్కువే. పాతబస్తీ ట్రాఫిక్ దాటి, మెహిదీపట్నం మీదుగా హైటెక్ సిటీకి పోయిరావాలంటే ఎవరికైనా ప్రాణం మీదికొస్తుంది మరి!

‘‘అంకుల్, నా తర్వాత చేరినోడు టీమ్ లీడ్ అయిండు. పనేమో నాదే ఎక్కువ’’ అని వాపోయాడు.

అబద్ధం కాకపోవచ్చు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్‌సెంటర్ ఉద్యోగులు కొందరితో 9 నెలలపాటు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేయించింది. నికొలస్ బ్లూమ్ బృందం 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వాళ్ల పని 13 శాతం పెరిగింది. కానీ, అంతే బాగా పనిచేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే ప్రమోషన్లు తగ్గాయి. కళ్లెదుట లేనివాడి పేరు ఎవరికి గుర్తొస్తుంది?

అలాగని రోజూ పరుగెత్తక్కర్లేదు. అదే కంపెనీలో 1,600 మందికి పైగా ఉద్యోగులపై చేసిన మరో అధ్యయనం 2024లో వచ్చింది. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉన్నవాళ్ల ప్రమోషన్లకు ఢోకా రాలేదు.

కుర్రాడికి అదే చెప్పాను. ‘‘మూడు రోజులు వెళ్లు. వెళ్లినరోజు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మూల కూర్చోకు. మేనేజర్‌తో కలిసి భోంచెయ్యి. పక్క టీమ్ వాళ్లను పరిచయం చేసుకో. కొత్త ప్రాజెక్టు కబురు మెయిల్లో కంటే ముందు క్యాంటీన్‌లో తెలుస్తుంది’’ అన్నాను.

‘‘మూడు రోజులా?’’ అన్నాడు, రోడ్డు మీద హారన్ల వైపు చూస్తూ.

‘‘పోనీ, రెండుతో మొదలుపెట్టు’’ అన్నాను.