గురువుకు సీటు లేని విమానం

అమెరికాలో స్కూటరు నడపాలన్నా, కారు నడపాలన్నా చేతిలో లైసెన్సు ఉండాలి. గాల్లోకి లేవడానికి మాత్రం, ఎక్కే విమానం తగినంత చిన్నదైతే, ఏ కాగితమూ అక్కర్లేదు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1982లో తెచ్చిన ‘పార్ట్ 103’ నిబంధనలు ఆ వెసులుబాటు ఇచ్చాయి. ఒకటే సీటు, 254 పౌండ్ల లోపు ఖాళీ బరువు (అంటే మన లెక్కలో 115 కిలోలు, బుల్లెట్ బండి కంటే తక్కువ), 5 గ్యాలన్లకు మించని ఇంధనం, గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు గరిష్ఠ వేగం. ముఖ్యమైన షరతులివి. వీటికి లోబడిన విమానాన్ని అల్ట్రాలైట్ అంటారు. పైలట్ లైసెన్సు, వైద్య పరీక్ష, రిజిస్ట్రేషన్ ఏవీ అడగరు. పగటిపూటే ఎగరాలి, జనావాసాల మీదికి పోకూడదు. లైసెన్సు అక్కర్లేదని మాత్రమే చెప్పిన ఈ నిబంధన, కొందరి చెవికి నేర్చుకోవడమూ అక్కర్లేదన్నట్టు వినిపించింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తేలికైనదీ నెమ్మదైనదీ కాబట్టి నడపడమూ తేలికేనన్నది మొదటి భ్రమ. నిజానికి ఆ తేలికతనమే ప్రమాదం. చెట్ల ఎత్తు దాటి పైకి ఎక్కుతుండగా ఇంజను ఆగిందనుకుందాం. ఇందులో వింతేమీ లేదు, అల్ట్రాలైట్లలో ఎక్కువగా వాడే టూస్ట్రోక్ ఇంజన్లు ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆగిపోవచ్చని తయారీదారుల మాన్యువళ్లే హెచ్చరిస్తాయి. బరువైన విమానమైతే ఉన్న ఊపుతో కాసేపు ముందుకు సాగుతుంది. గొట్టాలు, తీగలు, గుడ్డ రెక్కలతో గాలికి అడ్డంపడే ఈ చిన్నది రెండు మూడు సెకన్లలో వేగం పోగొట్టుకుంటుంది. కింద నేల కనిపిస్తుంటే, నేర్వని చెయ్యి విమానం నడిపే కర్రను తనవైపు లాగుతుంది, ముక్కు పైకెత్తాలని. అలా లాగితే రెక్క మీద గాలి చెదిరిపోతుంది, రెక్క మోయడం మానేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు చేయాల్సింది సరిగ్గా దానికి ఎదురు పని: నేల వైపే ముక్కు దించాలి. భయానికి వ్యతిరేకంగా చెయ్యి కదలాలంటే పక్కన ఒకరు కూర్చుని పదేపదే చేయించి ఉండాలి. ఇక రెక్క కింద సీటు వేలాడే ట్రైక్ రకంలో పట్టుకునే కడ్డీ మామూలు విమానం కర్రకు తిరగబడి పనిచేస్తుంది. ముందుకు నెడితే ముక్కు పైకి లేస్తుంది! మామూలు విమానాల అలవాటున్నవాడికి కూడా అది ఉచ్చే. వేగం తక్కువే కదా అంటారా, గంటకు 65 కిలోమీటర్లతో నేలను గుద్దుకోవడం దాదాపు అయిదంతస్తుల మేడ మీంచి పడటంతో సమానం.

రైట్ సోదరులకు ఎవరు నేర్పారని అడిగేవాళ్లుంటారు. 1903లో ఇంజను బిగించే ముందు, ఒక్క 1902లోనే కిట్టీ హాక్ ఇసుకదిబ్బల మీద వాళ్లు ఏడొందలకు పైగా సార్లు గ్లైడర్‌తో ఎగిరారు. వాళ్లకంటే ముందు రెండువేల సార్లు గాల్లో తేలిన జర్మన్ ఒట్టో లిలియెంతాల్ 1896 ఆగస్టులో స్టాల్ అయి కూలి, మరునాడు చనిపోయాడు. వాళ్లది గురువే లేని కాలం, ఆ బాకీ శరీరాలతో తీర్చారు. అనుభవం కూడా ఒక విమానం నుంచి మరోదానికి ఉచితంగా బదిలీ కాదు. గాయకుడు జాన్ డెన్వర్‌కు 2,700 గంటలకు పైగా అనుభవం ఉంది. 1997 అక్టోబరులో, తనకు కొత్తదైన లాంగ్-ఈజీ విమానంతో కాలిఫోర్నియా తీరంలో కూలిపోయాడు. అది అల్ట్రాలైట్ కాదు. కానీ ఆ రకం విమానంపై తగిన శిక్షణ లేకపోవడాన్ని కూడా దర్యాప్తు సంస్థ కారణాల్లో చేర్చింది. వేల గంటలవాడికే అలా అయితే సున్నా గంటలవాడి సంగతి వేరే చెప్పాలా?

నా ప్రాణం నా ఇష్టం అన్న వాదన వీటికంటే బలమైనది. ఒంటరిగా, పొలాల మీద ఎగిరేవాడి జోలికి ప్రభుత్వం ఎందుకు రావాలన్న ప్రశ్నలో న్యాయముంది. మన దేశంలోలా మైక్రోలైట్ అనే ఇలాంటి చిన్న విమానాలకు లైసెన్సు తప్పనిసరి చేయమని అమెరికాకు నేను చెప్పను. అయితే రిస్కు ఎంచుకోవాలంటే అదేమిటో తెలియాలి కదా. స్టాల్ పేరే వినని మనిషి దాన్ని ఎంచుకున్నాడనడం కుదరదు. పైగా ఈ నిబంధనలోనే ఒక మెలిక ఉంది. సైకిలు నేర్చుకునే పిల్లవాడి వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు ఒకడుంటాడు. ఒంటి సీటు విమానంలో గురువుకు చోటే లేదు, మొదటి ప్రయాణమే ఒంటరి ప్రయాణం. ఒకప్పుడు శిక్షణ కోసం రెండు సీట్ల అల్ట్రాలైట్లకు మినహాయింపు ఉండేది. 2004లో లైట్ స్పోర్ట్ అనే కొత్త తరగతి పెట్టాక, 2008 జనవరితో ఆ మినహాయింపును ఆపేశారు. ఇప్పుడు శిక్షణకు దొరికే ఆ తరగతి విమానాలు చాలావరకు బరువైనవి, ఖరీదైనవి, గాల్లో వాటి నడకే వేరు. నేర్చుకోవాలనుకున్నవాడికి దారి ఇరుకు చేసి, నేర్చుకోనివాడికి తలుపు బార్లా తెరిచి ఉంచారన్నమాట. వీడియోలు చూసి నేర్చుకోవచ్చనేవాళ్లకు మన పెద్దలు ఎప్పుడో జవాబిచ్చారు, గట్టున కూర్చుంటే ఈత రాదని. సవరించాల్సింది ముందుగా ఇదే: చవకైన, తేలికైన రెండు సీట్ల శిక్షణ విమానాలను మళ్లీ అనుమతించాలి.

ఇదే పార్ట్ 103 కింద ఇప్పుడు విద్యుత్ యంత్రాలు వస్తున్నాయి. కాలిఫోర్నియాలోని పివొటల్ కంపెనీ అమ్మే ఒంటి సీటు హెలిక్స్ ధర 1,90,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. అందులో చేతికి జాయ్‌స్టిక్ ఉంటుంది, విమానాన్ని నిలకడగా ఉంచేది కంప్యూటరే. చట్టం అడక్కపోయినా, కొన్నవాళ్లకు ముందు శిక్షణ తప్పనిసరి అంటోంది ఆ కంపెనీ.