గుర్తింపు కార్డు - గుర్తింపులేని శ్రమ

ఈ మధ్య ఒక అధ్యయన గోష్ఠిలో, మనవారిలో ఒకరైన అధ్యాపక మిత్రుడు ఇళ్ళలో సాగే చిన్న పనుల గురించి ప్రసంగించారు. ఇంట్లో కూర్చుని గుర్తింపు కార్డులూ బ్యాడ్జీలూ తయారుచేసే స్త్రీలను ఉదాహరణగా తీసుకున్నారు. "వీరికి యజమాని లేడు, గేటు లేదు, గడియారం లేదు. పనిముట్టు కూడా వారిదే. ఇది స్వతంత్ర శ్రమ" అని తేల్చారు. చప్పట్లు కూడా పడ్డాయి. వెంటనే మరొక మిత్రుడు లేచి, "కార్డులూ బ్యాడ్జీలూ పెటీ బూర్జువా వ్యామోహాలు. కార్మికవర్గానికి మెడలో తాడు అక్కరలేదు. ఇది మన సమస్యే కాదు" అన్నారు.

ఈ రెండు వాదాలూ పైకి ఎదురెదురుగా నిలబడినట్లు కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ వున్నది ఒకే లోపం. ఇద్దరూ కార్డును చూశారు, దాన్ని చేసిన చేతిని చూడలేదు. ఆ చేతిని నేను చూశాను గనుక నాలుగు మాటలు రాయక తప్పటం లేదు.

1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ వొడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నేను తరచు వెళుతుంటాను. అక్కడినుంచి బేగంబజారు వైపు నడిస్తే ఒక సందులో ఒక గది వుంది. ఆ గదిలో ఒక తల్లి, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు, బజారులో మూటలు మోసే తండ్రి. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. ఆమె చేసే పని కార్డులు.

పని ఎలా సాగుతుందో చెబుతాను. దుకాణంవాడు ఫోటోలూ పేర్లూ అచ్చైన షీట్లను సాయంత్రం పంపిస్తాడు. వాటి వెనుకా ముందూ పారదర్శకమైన పొరలు పెట్టి వేడి యంత్రంలో అతికించాలి. చల్లారాక కట్టర్ కింద పెట్టి ఒక్కొక్క కార్డునూ కత్తిరించాలి. కొలత సుమారు 86 మిల్లీమీటర్లు పొడవు, 54 మిల్లీమీటర్లు వెడల్పు. బ్యాంకు కార్డు ఎంతో ఇదీ అంతే. అంచులు గుచ్చుకోకుండా మూలలు గుండ్రం చెయ్యాలి, పైన రంధ్రం కొట్టాలి, తాడుకు కొక్కెం తగిలించాలి. పొరలో గాలిబుడగ చేరితే కార్డు పోయినట్లే. పోయిన కార్డు ఖరీదు ఆమె కూలిలోనే కోత. వేడి యంత్రం ఆమె వాయిదాల మీద కొన్నది. కరెంటు బిల్లు ఆమెది. గది అద్దె ఆమెది. తాళ్ళకు కొక్కేలు తగిలించే పిల్లల రాత్రిళ్ళు కూడా ఆమెవే. జూన్‌లో బడులు తెరిచినప్పుడు కార్డులు గుట్టలుగా వస్తాయి, నిద్ర వుండదు. ఆ తర్వాత నెలల తరబడి యంత్రం మీద గుడ్డ కప్పి వుంటుంది. వాయిదా మాత్రం ఆగదు.

ఇప్పుడు చెప్పండి, యజమాని ఎక్కడ లేడు? గడియారం ఎక్కడ లేదు? యజమాని గది బయట నిలబడి తన ఖర్చులన్నీ గదిలోకి తోసేశాడు. కర్మాగారంలో యంత్రం అరిగితే నష్టం పెట్టుబడిదారుది. ఇక్కడ యంత్రం అరిగినా నష్టం ఆమెదే. పనిముట్టుకు సొంతదారు కావటం వల్ల ఆమె స్వతంత్రురాలు కాలేదు. ఇంకొకడు మొయ్యవలసిన బరువు ఆమె నెత్తికెక్కింది. మార్క్స్ 1867లో అచ్చైన "కాపిటల్" మొదటి సంపుటంలో ముక్కల లెక్కన ఇచ్చే కూలికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించాడు. పీసు రేటు అమలులో వున్నచోట మేస్త్రీ అక్కరలేదనీ, కూలీ తన్ను తానే తరుముకుంటాడనీ, యజమానికీ కూలీకీ నడుమ దళారులు పుట్టుకొస్తారనీ ఆయన ఏనాడో చూపించాడు. చప్పట్లు కొట్టిన మిత్రులు ఆ అధ్యాయం మరొకసారి తిరగవెయ్యటం మంచిది.

ఇంతకంటె దగ్గర ఉదాహరణ మన తెలుగునాట వుంది. నరసాపురం లేసు అల్లే స్త్రీలను పరిశీలించి జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను అందరూ "తీరిక సమయంలో ఏదో అల్లుకునే గృహిణులు" అన్నారు. ఆ ఒక్క మాట మీదనే ఎగుమతిదారుల లాభం నిలబడింది. గృహిణికి కనీస వేతనం ఏమిటి? గృహిణికి పనిగంటలేమిటి? గృహిణికి సంఘమేమిటి? స్త్రీ ఇల్లు దాటలేదనే సాకుతో ఆమె శ్రమను లెక్కల్లోంచే తుడిచివేశారు.

నరసాపురంలో దారం, ఇక్కడ ప్లాస్టిక్. ఆ మాట మాత్రం మారలేదు. నా గదిలోని ఆమె ఒక దఫ్తరుకు అసంఘటిత కార్మికురాలిగా పేరు రాయించుకోవటానికి వెళ్ళింది. ఏం జరిగిందో ఆమె మాటల్లోనే చెబుతాను:

"ఏం పని చేస్తవని అడిగిన్రు సారూ. కార్డులు చేస్త అన్న. ఏ కంపెనీ అన్నరు. ఇంట్లనే అన్న. గట్లయితే గృహిణి అని రాసుకున్నరు."

ఊరందరికీ గుర్తింపు అచ్చుగుద్ది ఇస్తున్న మనిషిని గుర్తించటానికి కాగితం మీద ఒక గడి దొరకలేదు!

ఇక రెండవ మిత్రుని వాదం. కార్డు అనేది మన సమస్య కాదంటారు. కార్డును తిప్పి చూడమని వారికి నా మనవి. ఆ గదిలో గుట్టగా పడివున్న కార్డుల్లో కొన్నింటికి నీలం తాళ్ళు, కొన్నింటికి ఎర్ర తాళ్ళు. నీలం పర్మినెంటు వాళ్ళకు, ఎరుపు కాంట్రాక్టు వాళ్ళకు. ఊడ్చేవాడూ ఫైలు మోసేవాడూ వరండా దాటక ముందే వాడి అంతస్తు మెడలో వేలాడుతుంది. ముందు వైపు సంస్థ చిహ్నం పెద్దగా వుంటుంది. వెనుక చిన్న అక్షరాల్లో ఏజెన్సీ పేరు వుంటుంది. రేపు జీతం ఆగితే సంస్థవారు, "కార్డు వెనుక చూసుకో, మాకు సంబంధం లేదు" అంటారు. అన్నిటికంటె కింద ఒక వాక్యం: "ఈ కార్డు సంస్థ సొత్తు, అడిగినప్పుడు తిరిగి ఇవ్వవలెను." మనిషి ఫోటో, మనిషి పేరు, మనిషి రక్తపు గ్రూపు, అయినా సొత్తు మాత్రం సంస్థది! కార్మికుడు ఎవరో యజమానికి చెప్పటానికి కార్డు వుంది. యజమాని ఎవరో కార్మికుడికి చెప్పే కార్డు ఒక్కటీ లేదు. ఇది వర్గ సమస్య కాకపోతే మరేది వర్గ సమస్య?

ఈ ఏకపక్షపు చూపు నిన్న మొన్న పుట్టింది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి "ట్రూరో" ఓడ దర్బన్ రేవుకు చేరినప్పుడు అందులో తెలుగు కూలీలూ వున్నారు. అలా వెళ్ళిన ప్రతి కూలీకీ ఒక నెంబరు, దాని పక్కన తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, వొంటిమీది మచ్చలు. ఆ కూలీని ఏ తోట దొర ఎంత దోచాడో రాసే గడి అందులో లేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, ఎరుకలవారిని స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టినప్పుడు, పొలిమేర దాటాలంటే పాసు కావలసివచ్చింది.

హైదరాబాదుకే వద్దాం. 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల వెనుక న్యాయమైన కోరిక వుంది. ఈ గడ్డ ఉద్యోగాలు ఈ గడ్డ బిడ్డలకు దక్కాలన్నదే ఆ కోరిక. కాని ఆ న్యాయాన్ని ఒక సర్టిఫికెట్టు కాగితానికి వేలాడదీశారు. పోలీసు చర్య తర్వాత దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. 1952 సెప్టెంబరు మొదటి వారంలో విద్యార్థులు వీధిలోకి వచ్చారు. ఇదే మూసీ వొడ్డున సిటీ కాలేజీ దగ్గరా, పత్తర్‌గట్టి దగ్గరా తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి కమిషన్ విచారణ జరిపింది. దొంగ కాగితం ఎవరు చేశారని అందరూ అడిగారు. అంతమంది చదువుకున్నవాళ్ళకు అంత కొద్ది ఉద్యోగాలే ఎందుకున్నాయని అడిగినవారు తక్కువ. కాగితం మీదనే చూపు నిలిపితే జరిగేది ఇదే. దోపిడీ తప్పించుకుంటుంది, బీదవాడూ బీదవాడూ ఒకరి సర్టిఫికెట్టు మరొకరు లాగి చూసుకుంటారు.

స్వతంత్ర భారతంలో కార్డు ప్రజల చేతికి వచ్చింది గదా అంటారు. వచ్చింది, నిజమే. ఎలా పోతుందో కూడా చూశాం. తెలంగాణలో సుమారు 19 లక్షల ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. కార్డుదారు గుమ్మం తొక్కి విచారించకుండా, కంప్యూటరు లెక్కల మీద ఆధారపడి చేసిన రద్దులవి. వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఈ నగరంలోనే 127 మందికి ఆధార్ కార్యాలయం నోటీసులు పంపింది. పౌరులని రుజువు చేసుకోమన్నట్లుగా వాటిలో రాసివుంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ చట్టమే చెబుతుండగా, ఆధార్ ఇచ్చేవారు పౌరసత్వం గురించి అడగటమేమిటి? గగ్గోలు పుట్టాక, పౌరసత్వంతో తమకు సంబంధం లేదని వివరణ ఇచ్చారు. నోటీసు అందుకున్నవాడి గుండెదడకు మాత్రం వివరణ లేదు.

అయితే కార్డులన్నీ తగలబెడదామా? 1908 ఆగస్టు 16న జోహాన్స్‌బర్గ్‌లో హమీదియా మసీదు ముందు గాంధీ నాయకత్వాన భారతీయులు రెండువేలకు పైగా రిజిస్ట్రేషన్ పత్రాలను తగలబెట్టారు. అది పోరాటం. కాని నేడు మన గదిలోని ఆమె దగ్గర తగలబెట్టటానికి కూడా ఏ పత్రమూ లేదు. ఆమె సమస్య కార్డు వుండటం కాదు, లేకపోవటం. ఇక్కడే రెండవ మిత్రుడు దారి తప్పారు. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల బీడీ స్త్రీలను అడగండి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగానే లెక్కవేసింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. బీడీ కార్డు చూపించి వైద్యమూ, పిల్లల చదువుకు ఉపకార వేతనమూ పొందారు. అది దయతో వచ్చిన గుర్తింపు కాదు, సంఘాలు కొట్లాడితే వచ్చింది. ఆకు తెచ్చి ఇంట్లో చుట్టేవారు కార్మికులైనప్పుడు, షీటు తెచ్చి ఇంట్లో కత్తిరించేవారు గృహిణి ఎలా అవుతారు?

గృహాధారిత కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించింది. దానిమీద మన ప్రభుత్వాలు సంతకం చెయ్యకుండానే దశాబ్దాలు గడిపాయి. దాన్ని ధ్రువీకరించమని అడగటం మన మొదటి కోరిక కావాలి. రెండవది, కార్డుల పనికి ముక్కకు కనీస రేటు నిర్ణయించాలి. అందులో కరెంటు, అరుగుదల, అద్దె కూడా లెక్కకు రావాలి. మూడవది, గుర్తింపును నిర్ణయించే చోట కార్మికులు వుండాలి. ఇది గాలిలో మేడ కాదు. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ కమిటీల్లో వర్తకులు ఎన్నుకున్న ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. బండి మీద పళ్ళమ్మేవాడికి కాగితం మీదనైనా దక్కిన హక్కు, ఇంట్లో కార్డులు చేసే ఆమెకు ఎందుకు దక్కకూడదు? నాలుగవది, తిండిగింజకు కార్డు షరతు కారాదు. పని చేస్తున్నందుకు కార్డు హక్కుగా రావాలి, ఆకలికి పరీక్షగా కాదు.

చివరకు ఒక మాట. క్రిందటి మేడే ముందు ఆమె తన భర్తతో పని చేసే హమాలీలకు బ్యాడ్జీలు చేసి ఇచ్చింది. దాని మీద పేరు, పని, సంఘం తప్ప మరేమీ లేదు. నెంబరు లేదు, తిరిగి ఇవ్వవలెనన్న వాక్యమూ లేదు. మిగిలిన ముక్కతో తనకూ ఒకటి చేసుకుంది. "కార్డుల కార్మికురాలు" అని కూతురు చేత రాయించింది. సంఘం పేరు రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా వుంది. ఏమని రాయాలో ఆమెకు తెలియలేదు, ఎందుకంటే ఆమెకు సంఘం లేదు. దానికి ఆమెను నిందించటానికి లేదు. సంఘాలు గేట్ల దగ్గర ఆగిపోయాయి, సందుల్లోకి రాలేదు.

ఆ ఖాళీని స్వతంత్ర శ్రమ అని పొగిడేవారూ, మన సమస్య కాదని తోసేసేవారూ పూరించలేరు. గోష్ఠులు జరుపుకుందాం, కాదనను. కాని వచ్చే గోష్ఠి ఆ సందులో పెట్టుకుందాం. మాట్లాడేది ఆమె, రాసుకునేది మనం.