మా మాట ఏ భాషలో చెప్పుకొందుము?

మన సంఘముల ఉగాది సభలలో ఏటేట వినవచ్చు ప్రశంస ఒకటి కలదు. వేదికనెక్కిన పెద్దలు, పరరాష్ట్రమున ఇన్ని తరములు తెలుగు నిలిచినదన్న అది మన తల్లుల చలువయే యనియు, ఇల్లాండ్రే భాషకు కావలివారనియు సెలవిత్తురు. మేము చప్పట్లు కొట్టుదుము. పిమ్మట ముగ్గుల పోటీకి, పిండివంటల పోటీకి బహుమతులు పంచిపెట్టుదురు. నలుబదియైదు, ఏబది యేండ్లు నిండిన మేము ఆ బహుమతులందుకొని ఇండ్లకు వచ్చి, అర్ధరాత్రమున ఒళ్లంతయు చెమటలు క్రమ్మి మేల్కాంచి, ప్రక్కగదిలో నిద్రించు కూతురికి మాకేమగుచున్నదో చెప్పుటకు ఒక్క తెలుగుమాటయు దొరకక కూర్చుందుము.

ఆ ప్రశంసకు మా ప్రత్యుత్తరమిది. కటువుగా నున్నను తుదముట్ట చదువుడని మాత్రము కోరుచున్నాము.

మేమనగా మదుర, కోయంబత్తూరు, హోసూరు, బళ్లారి, కోలారు, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము, యానాములలో కాపురములు చేసి నడివయసు చేరిన స్త్రీలము. మాలో కొందరి పూర్వులు నాయకరాజుల నాడు దక్షిణమునకు తరలివచ్చిరి. కొందరి తాతలు మగ్గమును నమ్ముకొని పడమటికి పోయిరి. మరికొందరు ఉన్న ఊరు విడిచినవారు కారు; 1936లో ఒడిశాయు, 1953లో ఆంధ్రరాష్ట్రమును ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు వారి ఊళ్లే పరరాష్ట్రమున మిగిలిపోయినవి. యానాము సోదరీమణులను విడిచినచో మాలో పెక్కుమంది బడిలో తమిళమో, కన్నడమో, ఒడియయో, మరాఠీయో చదివితిమి. తెలుగు మాకు నోటి సొత్తు. పలువురకు లిపి రాదు.

ఆ నోటి సొత్తులో ఏమేమి కలవు? ఆవకాయ కొలతలు, వ్రతకథలు, జోలపాటలు, పెండ్లిపిలుపులు, తోడికోడండ్ర తగవులు. మా దేహమును గూర్చిన మాట లేదు. ఉన్న మాటనుగూడ మా నోట నొక్కివేసిరి.

మా అవ్వలు 'ముట్లుడుగుట' అనెడివారు. వాన ఉడిగినది, గాలి ఉడిగినది అన్నట్లే అది సహజమైన మాట. అందు నింద లేదు, రోగము లేదు. నేడది మోటుమాట యని మన యిండ్ల చదువుకొన్న పిల్లలు చెవులు మూసుకొందురు. బదులుగా ఆంగ్లపదమొకటి వచ్చినది గాని, అది వైద్యశాల గడప దాటి ఇంటిలోనికి రాలేదు. పండ్రెండు నెలలు వరుసగా బహిష్టు కానిచో ఆ దశ వచ్చినదని వైద్యులు నిర్ణయింతురు. మన దేశమున అది సగటున 46వ ఏటనో ఆ ప్రాంతముననో వచ్చును. పాశ్చాత్య స్త్రీలకన్న నాలుగైదేండ్లు ముందు. అంతకు కొన్ని యేండ్ల ముందునుండియే ఒంట ఆవిరులు, నిద్రలేమి, కీళ్లనొప్పులు, కారణము తెలియని దిగులు ఆరంభము కావచ్చును. ఈస్ట్రోజెన్ తగ్గుటచే ఎముకలు బలహీనపడును. పూర్తిగా నిలిచిపోయిన పిదప మరల రక్తము కనిపించినచో తడవు చేయక పరీక్ష చేయించుకొనవలెను. అది క్యాన్సరునకు సూచన కావచ్చును. ఈ నాలుగు ముక్కలు మా తల్లులు మాకు చెప్పలేదు. వారికిని ఎవరును చెప్పలేదు. గోంగూర నిలువపచ్చడి చేయు ఉపాయము మాత్రము తరతరములనుండి చెక్కుచెదరక వచ్చినది!

ఆసుపత్రికి పోయినచో వైద్యురాలు రాష్ట్రభాషలో ప్రశ్నించును. మాకు ఆ భాష రాక కాదు. కూరగాయల బేరమునకు, బస్సులో చోటు కొరకు వాదులాటకు అది చాలును. ఒంటిలోపలి సంగతులు చెప్పబోవునప్పటికి నాలుక తడబడును. అంతట ప్రక్కన నిలిచిన కోడలు దుబాసీ యగును. మేము అరగంట చెప్పుకొన్నదానిని "అత్తయ్యగారికి నీరసమండీ" యని మూడు ముక్కలలో ముగించును. ఆ పిల్లను తప్పుపట్టుట లేదు. ఆమెకును మాటలు లేవు. ఇరుగుభాష వలన వచ్చిన ఇబ్బంది మాత్రమే యిది యనుకొందురేమో. యానాములో వీధియు తెలుగే, అంగడియు తెలుగే. అక్కడి వదినెలును ఇట్లే మూగనోము పట్టుచున్నారు. కనుక తప్పు తమిళునిది కాదు, కన్నడిగునిది కాదు, మన ఇంటిది.

మా పుట్టిళ్లు, వియ్యములు ఆంధ్ర తెలంగాణములతో ముడివడియున్నవి గావున అక్కడి లెక్క ఒకటి చెప్పక తప్పదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశములో 8.9, తెలంగాణలో 7.7. దేశమున ఇంతకు మించిన రాష్ట్రము లేదు. అండకోశములనుగూడ తీసినచో నడివయసున మెల్లగా రావలసిన దశ ముప్పదియైదవ ఏటనైనను ఒక్కమారుగ వచ్చిపడును. ఏల తీయించిరని అడిగిన, "పిల్లలు పుట్టిరి గదా, ఇక దానితో పనియేమి?" అందురు. అయ్యలారా, ఆలోచింపుడు. నలుబదియైదు దాటిన మమ్ము గూర్చియు మీ ప్రశ్న అదియే గదా.

మేము దీనిని కేవలము దుఃఖమని చెప్పుట లేదు. మా అత్తలు దీనిని విడుదల యనిరి. నెలకు మూడునాళ్లు పూజగదికిని వంటయింటికిని దూరముండు కట్టడి తొలగినందుకు వారు సంతసించిరి. ఆ సంతసము నిజమే. కట్టడి తొలగుటకన్న వేరు సంతోషము లేని బ్రతుకు ఎట్టిదో అదియు విచారింపవలసినదే. మాకు కోపము వచ్చిన చాదస్తమందురు. కన్నీరు వచ్చిన దిష్టి తగిలినదందురు. ఊరకున్న గుట్టుగల ఇల్లాలందురు. పిల్లలు చేతికివచ్చి, ఇల్లు సద్దుమణిగి, ఇరువదియేండ్ల తరువాత మధ్యాహ్నమొకటి మాకు మిగిలిన వేళ, ఇక కృష్ణా రామా యనుకొనుమని ఉపదేశింతురు. ఏదైన చదువుకొందమన్న అక్షరము రాదు. అద్దము ముందు నిలిచిన పరాయిదాని వలె తోచును. కోర్కెలు ఉడిగినవని మీరే తీర్మానించితిరి. మమ్మెవరడిగిరి?

అడిగిన కవయిత్రి ఒకతె కలదు. ఆమెయు తమిళదేశమున వెలసిన తెలుగు వనితయే. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని 18వ శతాబ్దిలో 'రాధికాసాంత్వనము' రచించెను. రాధ ఇళను తానే పెంచి, పెద్దచేసి, కృష్ణునకు కట్టబెట్టును. పిదప ఆ జంటను తలచుకొని కుమిలిపోవును. తుదకు కృష్ణుడు వచ్చి ఆమెనూరడించును. తాను పెంచిన పిల్లకు తన చోటిచ్చి ప్రక్కకు తొలగిన స్త్రీ మనసెట్లుండునో మన భాషలో దాచక చెప్పినది ఆడుది. వీరేశలింగము పంతులుగారంతటివారే ఆ కావ్యమును దూషించిరి. మైసూరు సీమలో 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మద్రాసున దానిని సమగ్రముగ అచ్చువేయించెను. మరుసటి యేడే అశ్లీలమను నెపమున దొరతనము నిషేధించెను. నిషేధము తొలగుటకు మూడున్నర దశాబ్దములు పట్టినది. ఆ నాగరత్నమ్మయే నలుబది దాటిన పిమ్మట తన సొత్తు వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించెను. కన్నడ సీమలో పుట్టి, తమిళసీమలో స్థిరపడి, తెలుగును ఇంతగా సేవించిన ఆమెను మన సంఘముల వేదికలపై ఎన్నిమారులు తలచితిమి? తలచినను ఆలయమును చెప్పి, పుస్తకమును దాచుదురు.

ఇవి సభలో చెప్పదగిన మాటలా యని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురని ఎరుగుదుము. వారికొక ప్రశ్న. మా కూతురు తన మొదటి బహిష్టు నాటి సందేహములను ఫోనులో ఆంగ్లమున చదివి తీర్చుకొన్నది. రేపు తనకు నడివయసు వచ్చిననాడును అట్లే తీర్చుకొనును. తన సుఖదుఃఖములలో ఒక్కదానికిని అక్కరకు రాని భాషను, పచ్చళ్ల పేర్లకొరకు మాత్రము, ఆమె తన పిల్లలకేల నేర్పవలెను? పిల్లలు తెలుగు మరచుచున్నారని సంఘపెద్దలు వాపోవుదురు. బడులు లేకపోవుట కారణమే, కాదనము. ఇదియు కారణమే.

1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి బడి మానిన వయోజన స్త్రీల కొరకు సంక్షిప్త విద్యాపద్ధతి నొకటి ఆరంభించినది. ఆ మండలికి తొలి అధ్యక్షురాలు, అంతకుముందు మద్రాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయిగారే. పెరిగినదానికి చదువేమని ఆనాడు ఆమె అనుకొనలేదు. నేడు మన సంఘములు నడుపు తెలుగు తరగతులలో పిల్లల బల్లలే కలవు. మాకును రెండు బల్లలు వేయుడు. షోలాపురమున బీడీలు చుట్టు ఆడువారు సాయంకాలము సభకు రాలేరు. పనిచేయు చోటికే పోయి నేర్పుడు. వచ్చే ఉగాదికి తెలుగెరిగిన వైద్యురాలినొకరిని పిలిపించి ఒక పూట మాకిండు. మగవారును కూర్చుండవచ్చును, కూర్చుండిన మంచిది. ఆ పూటకు కాలము చాలదందురేమో, వంటల పోటీని మానుడు. బహుమతిగ వచ్చిన స్టీలుడబ్బాలు మా అటకలపై చాలినన్ని యున్నవి.