చేసిన సైకిల్‌కు చోటు కావాలి

మొన్న దోస్తులం నలుగురం సార్ వెంట బిజినేపల్లిలో బస్సెక్కి ఒక సైన్సు ప్రదర్శన చూడబోయినం. చేతితో చేసిన సైకిల్ ఒక్కటన్నా ఉంటదని దారి పొడుగునా అదే ముచ్చట. తీరా చూస్తే దుకాణంలో కొన్న మోడళ్ళే ఎక్కువ!

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి చేసిన రెండు చక్రాల బండి కట్టెదే. పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. బీహార్‌లో సైదుల్లా 1975 వరదలు చూసి నీళ్ళమీద నడిచే సైకిల్ చేసిండు. 2005లో జాతీయ పురస్కారం అందుకున్నడు.

మన తండాల్లో పాత టైర్లతో బండి చేసే పిల్లలు లేరా? కొన్నదానికి కాదు, చేసినదానికే మార్కులు వేయాలి. వార్డెన్ సార్ పాత సామాను గది తాళం తీయిస్తే, వచ్చే ప్రదర్శనకు మన సైకిల్ మనమే చేద్దాం.