బ్యాడ్జి వెనక పేరు

బ్రిటన్ నర్సుల పాత బ్యాడ్జి ఎప్పుడైనా చేతికొస్తే ముందువైపు చూసి ఊరుకోకండి, తిప్పి చూడండి. ముందు ఆస్పత్రిదో, సంస్థదో చిహ్నం ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో తరచుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ చెక్కి ఉంటాయి. నాకు ఆ వెనకవైపే విలువైనది. దాని వెనక మూడు దశాబ్దాల పోరాటం ఉంది.

1854లో క్రిమియా యుద్ధం నడుస్తుండగా ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆస్పత్రికి బయల్దేరింది. వాళ్ల భుజం మీది పట్టీపై ‘స్కుటారి హాస్పిటల్’ అని ఎర్రదారంతో కుట్టి ఉండేది. అందులో ఆస్పత్రి పేరుంది కానీ మనిషి పేరు లేదు. 1855లో విక్టోరియా రాణి నైటింగేల్‌కు ఒక ఆభరణం బహూకరించింది. రాణి భర్త ఆల్బర్ట్ దానికి రూపకల్పన చేశాడు. ఆ గౌరవం నైటింగేల్ ఒక్కతెది.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ పేరిట శిక్షణాలయం మొదలైంది. తర్వాత ఎన్నో ఆస్పత్రులు సొంత బడులు పెట్టుకున్నాయి. అయితే చదువుకున్న నర్సెవరో, ఊరికే ఏప్రన్ కట్టుకున్న మనిషెవరో రోగికి తెలిసే దారి లేదు. శిక్షణ పొందినవారి పేర్లతో ప్రభుత్వ రిజిస్టరు ఉండాలని ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే నర్సు పట్టుబట్టింది. అందుకోసం 1887లో నర్సుల సంఘం పెట్టింది. నైటింగేల్ ఒప్పుకోలేదు. మంచి నర్సు గుణం పరీక్షలకు అందదని ఆమె నమ్మకం. అది తీసిపారేసే మాట కాదు. అయినా నేను ఫెన్విక్ పక్షమే. నొప్పితో మంచాన పడ్డవాడు ఎదుటి మనిషి గుణం తూచుకుంటూ కూర్చోలేడు. చివరికి 1919లో చట్టం వచ్చింది. 1921లో తెరిచిన రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్‌దే.

బ్యాడ్జితోపాటు బ్రిటన్ నర్సులు నడుముకు పెట్టుకునే వెండి బకిల్ కథ ఇంకా ఆత్మీయమైనది. చదువు పూర్తయ్యాక అమ్మానాన్నలు కొనిచ్చేవారు, లేదా తొలి జీతంలోంచి నర్సు తనే కొనుక్కునేది. రెండు ముక్కలుగా ఉండి, కొక్కెంతో నడుము మధ్య కలిసేది. యూనిఫాం పాతబడితే బకిల్ కొత్త బెల్టుకు మారేది. వెనక హాల్‌మార్క్ ఉండేది: నాణ్యతకు సింహం, బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినదైతే లంగరు, ఏ ఏటిదో చెప్పే అక్షరం. మనింట్లో వడ్డాణం పెళ్లికి పెడతారు. అక్కడ ఆడపిల్ల చదువుకు నడుమున వెండి పెట్టారు. ఆ తేడా నాకు ఎంతో నచ్చుతుంది.

కాలం మారింది. నర్సుల చదువు ఆస్పత్రి బడుల నుంచి విశ్వవిద్యాలయాలకు వెళ్లింది. వదులు చొక్కాలు, ప్యాంట్లు వచ్చాక బెల్టుకు చోటు లేకపోయింది. అందుకు నాకు బాధ లేదు. రోగిని చూసుకోవడానికి అనువైన దుస్తుల కంటే వెండి ఎక్కువ కాదు. కానీ బకిల్‌తోపాటు ‘నీ విద్యను మేం గుర్తించాం’ అన్న మాట కూడా పోకూడదు.

మన నర్సింగ్ కాలేజీల్లోనూ దీపం పట్టుకుని నైటింగేల్ పేరిట ప్రతిజ్ఞ చేస్తారు. అది 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాసినది. ప్రతిజ్ఞ చేసే సాయంత్రం కన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. మర్నాడు వార్డులోకి వెళ్లాక ఆ అమ్మాయి అందరికీ ‘సిస్టర్’ అయిపోతుంది. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ డాక్టరు గారి పేరు డిగ్రీలతో సహా బోర్డెక్కుతుంది. రాత్రంతా సెలైన్ చూసిన మనిషి పేరు ఎక్కడుంది?

కాలేజీలు పట్టాతోపాటు పేరు చెక్కిన లోహపు బ్యాడ్జి ఇవ్వాలి. ప్రతి వార్డు బోర్డు మీదా డ్యూటీ నర్సు పేరు రాయాలి. ఈ రెండూ పెద్ద ఖర్చులు కావు. మూడోదానికి అసలు ఖర్చే లేదు. డిశ్చార్జి కాగితాలు అందుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, “మీ పేరేంటమ్మా?” అని అడగండి. చెప్పిన పేరు గుర్తుంచుకోండి.